వెనుక గేటు

కోరుట్ల,
3 జూలై 2011.

సౌభాగ్యవతి రాజక్కకు,

నీ పెనిమిటి రాజలింగం కోరుట్ల ఇంటి నుంచి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. అక్కడ సిరిసిల్లలో నీ ఒళ్లు కుదుటపడిందని, బిడ్డా అల్లుడూ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను.

బిడ్డా కృపారాణీ, అమ్మకు చదువు రాదు కాబట్టి దీన్ని నువ్వే చదివి వినిపించాలి. నా మీద కోపంతో మధ్యలో మాటలు మింగేయకు.

ఫోన్ చేస్తే కృప ఎత్తదు. ఎత్తినా అమ్మ పండుకున్నది అని పెట్టేస్తుంది. పొద్దున పది గంటలకు కూడా పండుకునే ఉంటావా నువ్వు? ముప్పై ఏళ్ల కాపురంలో ఒక్కనాడైనా నిన్ను అలా చూశానా? అందుకే పాత అలవాటు ప్రకారం కాగితం తీశాను. ఉత్తరాల్లో నేను పుస్తకాల భాష రాస్తానని నువ్వు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదానివట. ఏం చేయను, ఏడో తరగతి దాకా పంతులు కొట్టి నేర్పిన భాష, కలం పట్టగానే అదే వస్తుంది.

నేను జూన్ పదిహేనున దిగాను. అరవై నిండాయి కదా, సౌదీ బురైదాలో కంపెనీ వాళ్లు మర్యాదగా రిటైర్ చేశారు. మీటింగ్ పెట్టి శాలువా కప్పారు. రాజలింగం లాంటి సూపర్వైజర్ మళ్లీ దొరకడని మేనేజరు అన్నాడు. ఆ శాలువా దండెం మీద వేశాను. నువ్వు వచ్చి చూడాలి.

ఇంటికి వస్తే తాళం. పక్కింటి బాలవ్వ తాళంచెవి చేతిలో పెట్టి, దాంతోపాటు పెట్టాల్సిన గడ్డి కూడా పెట్టింది. ఇరవై మూడేండ్ల సంది సౌదిల గంత మందిని సూసుకున్నవట, ఇంట్ల ఒక్క పెండ్లాన్ని సూసుకోకపోతివి లింగయ్యా అని మొదలుపెట్టింది. మే నెలలో వడదెబ్బకు నువ్వు పడిపోయావని, దవాఖానలో నాలుగు రోజులు సీసాలు ఎక్కించారని, కృప వచ్చి సిరిసిల్లకు తీసుకుపోయిందని ఆమె చెబితేనే తెలిసింది. నాకు ఫోన్లో జ్వరమనే చెప్పారు మీరు. ఎండలో ఏం పని ఉండె అని అడిగాను. బాలవ్వ నా మొఖంలోకి చూసి, ఇంద్రమ్మ టీచరమ్మ బంగ్లల ఊడుస్తది గదా, నువ్వు పొరక ఇరగ్గొట్టి పోయిన సంది దొంగతీర్గ పోయి ఊడుస్తున్నది, నీకు తెల్వదా అన్నది.

నాకు తెలియదు రాజక్కా. తొమ్మిదేళ్లు నాకు తెలియదు.

తెల్లారి ఆ బంగ్లాకు పోయాను. ఇక మీద నువ్వు రావని చెప్పి, రెండు మాటలు గట్టిగా అడుగుదామనే పోయాను. నా గుణం నీకు తెలుసు కదా. గేటు తీసేసరికి ఆకులు చీలమండల దాకా మునిగాయి. నాలుగున్నర ఎకరాల జాగా, నడుమ ఇల్లు, చుట్టూ మామిళ్లు, టేకు చెట్లు, నాలుగు చింతలు. నువ్వు పడిపోయిన నాటి నుంచి అక్కడ పొరక పడలేదు. ఇంద్రమ్మ వరండాలోంచి నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. నా గేటు కాడ పొరక ఇరగ్గొట్టిన సూపర్వైజరువు నువ్వే గదా అన్నది. డెబ్బై దాటినా ఆ గొంతు ఇంకా హైస్కూల్లో లెక్కలు చెప్పే గొంతే. అడగాలనుకున్నది అడగకుండా, ఆకులు చూస్తూ, రాజక్క బాగయ్యేదాక నేను ఊడుస్తనమ్మా అన్నాను. ఆమె నవ్వింది. నువ్వు ఊడుస్తవా, నిలవడి ఊడిపిస్తవా అన్నది.

ఊడుస్తున్నాను. రిటైర్ అయిన మనిషి ఊరికే కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయంటారు కదా, నాకూ వ్యాయామం. పాపం, ముసలామెకు కూడా ఎవరున్నారు?

తప్పు నాదే అనుకో. కానీ కొంచెం నీది కూడా ఉంది. ఒక్క మాట చెప్పి ఉండవచ్చు కదా.

నీ మందులు వేళకు వేసుకో. ఉంటాను.

నీ పెనిమిటి
రాజలింగం


కోరుట్ల,
28 జూలై 2011.

సౌభాగ్యవతి రాజక్కకు,

రాజలింగం దండం పెట్టి రాస్తున్నాడు. మొగుడు పెండ్లానికి దండం పెట్టడం ఏమిటని కృప ఆగిపోవద్దు. ఉన్నది ఉన్నట్టు చదువు బిడ్డా. అందరూ క్షేమమని తలుస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు లేదు. నేనైతే మళ్లీ రాస్తాను.

తోట సంగతి నీకు తెలిసిందే, అయినా నా నోట విను. మామిడాకు మంచిది, ఒక్క విసురుకు కదులుతుంది. టేకాకు చప్పుడే గాని బరువుండదు. చింతాకుతోనే చావు. ఒక్క చినుకు పడిందంటే నేలను పట్టుకుని గోకినా రాదు. ఊడ్చిన ఆకంతా వెనుక గుంతలో వేసి పేడనీళ్లు చల్లుతున్నాను. కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు మోటరు, అది నడిచినంతసేపు పైపు పట్టుకుని చెట్టుచెట్టుకూ పరుగు. మొదటి వారం నడుము లేవలేదు. రెండో వారం లేచింది గాని వంగలేదు.

టీచరమ్మ కుర్చీ వేసుకుని నన్నే చూస్తూ ఉంటుంది. మూడో రోజే పిలిచి, ఎనుకకు నడుసుకుంట ఊడుస్తున్నవేంది, గిది రాజక్క తీరు గాదు గదా అన్నది. మన దగ్గర అందరూ ముందుకు నడుస్తూ ఊడుస్తారు. నేను వెనక్కి నడుస్తాను. అట్లయితే ఊడ్చినచోట అడుగులు పడవు, నేల చాప పరిచినట్టు ఉంటుంది. ఎవలు నేర్పిండ్రు అన్నది. నా కింద పనిచేసేవాళ్లు అలా ఊడ్చేవాళ్లమ్మా, చూసి నేర్చుకున్నాను అన్నాను. లెక్క తప్పు చేసినవాణ్ణి చూసినట్టు ఒక చూపు చూసి, చాయ్ తాగుపో అన్నది.

వెనుక గేటు పక్కన వేపచెట్టుకు నీ పాత చీర ముక్క ఇంకా వేలాడుతోంది. చెట్టు మొదట్లో చిన్న కుండ, దాని మీద కొబ్బరిచిప్ప. ఇవి ఇక్కడ ఎందుకని అడిగాను. అప్పుడు చెప్పింది టీచరమ్మ. ఆ గుడ్డ తడిపి తలకు చుట్టుకుని, పన్నెండు నుంచి మూడు దాకా ఊడ్చేదానివట. పొద్దున మాపున తొవ్వల మనుషులు తిరుగుతరమ్మా, వాడకు తెలిస్తే సౌదికి తెలుస్తది, మా ఆయన ఇజ్జత్ పోతది, మిట్టమధ్యానం కుక్క గూడ బయటికి రాదు, గప్పుడే ఊడుస్త అని బతిమిలాడుకున్నావట. నేను ఎన్నిమార్ల వద్దంటిని, ఇన్నదా నీ పెండ్లాం అని కళ్లు తుడుచుకుంది ఆమె.

ఈ నెల వానలు ముఖం చాటేశాయి. ఎండ ఇంకా తగ్గలేదు. నిన్న ఒంటిగంటకు కావాలనే పొరక పట్టాను. అరగంటకు కళ్లు బైర్లు కమ్మాయి. నోట్లో తడి లేదు. పోయి నీ వేపచెట్టు కింద కూలబడి, నీ చిప్పతోనే నీళ్లు తాగాను. ఇది జూలై ఎండ. నువ్వు తొమ్మిది వేసవులు ఊడ్చావు.

ఆనాటి సంగతి రాయకుండా ఎన్ని ఆకులు లెక్కపెట్టి ఏం లాభం? రెండువేల రెండు, మే నెల. సెలవు మీద వచ్చి బస్టాండు నుంచి షేర్ ఆటోలో వస్తున్నాను. కళ్లద్దాలు, అత్తరు, ఒళ్లో టేప్‌రికార్డరు. ఆటోలో మన వాడ వాళ్లు ముగ్గురున్నారు. బంగ్లా దగ్గరికి రాగానే, అగో సూపర్వైజరు పెండ్లాం రోడ్డు ఊడుస్తున్నది అని ఒకడు కిసుక్కున నవ్వాడు. నా ఒళ్లు మండిపోయింది. దూకి, నీ చేతిలో పొరక గుంజి, మోకాలికి వేసి విరిచి రోడ్డు మీద పారేశాను. అప్పుడు అన్న మాట ఇక్కడ రాయలేను, బిడ్డ చదవాలి కదా. కానీ బిడ్డ ఆరోజే విన్నది. వరండాలో కూర్చుని టీచరమ్మ దగ్గర పదో తరగతి లెక్కలు చేసుకుంటోంది.

నువ్వు విరిగిన పొరక ఏరి కళ్లకద్దుకుని, గేటు పక్కన పెట్టి, నా వెనక నడుచుకుంటూ వచ్చావు. ఆ ఇంటి గడప ఇద్దరూ తొక్కొద్దని నేను ఒట్టు పెట్టించాను. సూపర్వైజరు బిడ్డ ఎవరి ఇంట్లోనో కూర్చుని చదవడం నామోషీ అన్నాను. ఆ ఏడు కృప ఒక్క లెక్కల్లోనే తప్పింది. నేను ఫోన్లోనే సంబంధం ఖాయం చేశాను.

టీచరమ్మ మొన్న అల్మారాలోంచి ఒక నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టింది. కృపారాణి, పదవ తరగతి అని అట్ట మీద ఉంది. చివరి పేజీలో ఒక లెక్క సగంలో ఆగిపోయింది. సక్కగనే పోతుండె, ఇంక రెండు లైన్లయితే జవాబు వస్తుండె, నువ్వే కానియ్యలె అన్నది. బిడ్డా, అల్లుడి మరమగ్గాల సాంచాలకు కండెలు చుట్టి చుట్టి నీ వేళ్లు కోసుకుపోయాయని బాలవ్వ చెప్పింది. ఆ చేతులతో ఈ కాగితం పట్టుకుని చదువుతున్నావు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని నాకూ తెలుసు.

పోయిన ఉత్తరంలో తప్పు కొంచెం నీది కూడా అని రాశాను. ఆ ముక్క కొట్టేయండి.

రాజలింగం


కోరుట్ల,
19 ఆగస్టు 2011.

రాజక్కకు,

రాజలింగం రాస్తున్నది. వానలు మొదలయ్యాయి. మీరంతా కులాసా అని బాలవ్వ ద్వారా తెలిసి మనసు కొంచెం కుదుటపడింది.

మొన్న కృప బాలవ్వకు ఫోన్ చేసిందట. ఫోన్ నాకు ఇవ్వమనలేదు. ఫరవాలేదు. రెండు ఉత్తరాలూ అమ్మకు చదివిన అని చెప్పిందట. నువ్వు చివరిదాకా విని, ఏడవలేదట, తిట్టలేదట. ఒక్కటే అడిగావట. ముందట గేటు నుంచి పోతున్నడా, ఎనుక గేటు నుంచా అని.

బాలవ్వ నవ్వింది. గిదేం పిచ్చి ప్రశ్న, ఏ గేటు నుంచి పోతే ఏంది అన్నది. నేను మాత్రం కంచం ముందు దొరికిపోయిన దొంగలా కూర్చున్నాను.

వెనుక గేటు నుంచే రాజక్కా. మొదటి రోజు ఒక్కటే ముందు గేటు. ఊడుస్తానని మాట ఇచ్చిన మరునాటి నుంచి, వాడ లేవకముందే తలకు తువాల చుట్టుకుని కాలువ బాట పట్టి, వెనుక నుంచి దూరుతున్నాను. ముందు గేటు బయట రోడ్డు వైపు నలభై అడుగులు ఉంటుందే, నేను పొరక విరగ్గొట్టిన జాగా, అక్కడ ఈ రెండు నెలల్లో ఒక్కసారి కూడా ఊడ్వలేదు. బాలవ్వకు వాకింగ్ పోతున్నానని చెప్పాను. చాయ్ హోటల్లో అడిగితే, టీచరమ్మ తోట నేనే సూసుకుంటున్న అన్నాను. చూసుకోవడం అంటే వాళ్లు ఏమనుకుంటారో తెలిసే అన్నాను. నిన్ను ఎండలోకి నెట్టిన ఇజ్జత్తే నన్ను చీకట్లోకి నెట్టింది. రెండు ఉత్తరాల నిండా ఏడ్చానే, ఒక్క దాంట్లోనైనా ఈ మాట రాశానా? నువ్వు సిరిసిల్లలో మంచం మీద కూర్చుని పట్టేశావు.

ఈరోజు ముందు గేటు నుంచి పోయాను. ఎనిమిదిన్నరకు, బళ్లకు పోయే పిల్లలు, షేర్ ఆటోలు, మెట్‌పల్లి బస్సు అన్నీ వచ్చే వేళకు. తువాల ఇంట్లోనే పెట్టాను. గేటు బయట నీళ్లు చల్లి ఊడ్వడం మొదలుపెట్టాను. ఆటో చప్పుడు వినగానే రెండుసార్లు గేటు లోపలికి పోయి వచ్చాను. నవ్వకు కృపా. ఒక ఆటో ఆగింది. అందులోంచి ఒకడు తల బయటపెట్టి, ఏం సూపర్వైజర్ సాబ్, మీరే ఊడుస్తున్నరేంది అని అరిచాడు. తొమ్మిదేళ్ల కిందట నవ్వినవాడో కాదో నాకు తెలియదు, అందరి నవ్వూ ఒకటే. గిది రాజక్క పని, ఆమెకు పాణం బాగలేదు, నేను చేస్తున్న అన్నాను. వాడు మంచిది అన్నా అని ఆటో పోనిమ్మన్నాడు. నేను మిగిలిన రోడ్డు ఊడ్చాను. ఇజ్జత్ పోతే మనిషి చావడని అరవై ఏళ్లకు తెలిసింది.

నువ్వు రావాలని అడిగే మొఖం నాకు లేదు. ఊడ్వడానికైతే రానే వద్దు, ఇక ఆ పని నాది. ఇంటికి రావడం నీ ఇష్టం. వస్తే వేములవాడ మీది బస్సు ఎక్కించమను, నేను బస్టాండులో నిలబడతాను. రాకపోతే నెలకొక ఉత్తరం రాస్తాను, విను చాలు. నోటుబుక్కు దీంతోపాటు పంపుతున్నాను. లెక్క పూర్తి చేసి చూపించమని టీచరమ్మ చెప్పమన్నది. ఇరవై నాలుగేండ్లకు పదో తరగతి రాస్తే ఎవలన్న కొడుతరా అని కూడా చెప్పమన్నది.

రాజలింగం

తా.క. కవరు అంటించాక మళ్లీ చించాను.

ఈరోజు ఊడ్చి వచ్చి మెట్ల మీద కూర్చుంటే టీచరమ్మ నా చేతులు చూపమన్నది. కుడిచేతి బొటనవేలి మొదట్లో ఉన్న కాయ మీద వేలు పెట్టింది. గిది రెండు నెలల కాయ గాదు లింగయ్యా, ఇరవై ఏండ్లది అన్నది. రాజక్క చేతిల గూడ గిదే జాగల ఉన్నది, పొరక పట్టినోళ్లకే కాస్తది అన్నది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అప్పుడు అసలు మాట చెప్పింది. పొరక విరగ్గొట్టిన ఏడు నేను విమానం ఎక్కిన మూడో రోజే నువ్వు వచ్చి, మా ఆయన గూడ అక్కడ పొరకనే పడుతుండమ్మా, చెయ్యి పట్టుకుని సూసిన, ఎవలకు చెప్పకుండ్రి, మళ్ల నాకు పని ఇయ్యుండ్రి అన్నావట.

నేను సూపర్వైజర్ను కాదు రాజక్కా. ఒక్క రోజు కూడా కాలేదు. బిల్డింగు పని అని తీసుకుపోయి, ఒక పెద్ద ఇంటి వాకిలి అప్పజెప్పారు. ఇరవై మూడేళ్లు ఖర్జూరపు చెట్ల కింద ఊడ్చాను. గాలి వస్తే ఇసుక, ఊడిస్తే మళ్లీ ఇసుక. అడుగు పడితే ఆ ఇంటి ముసలమ్మ మళ్లీ ఊడ్వమనేది, అందుకే వెనక్కి నడవడం నేర్చుకున్నాను. ముసలాయన చనిపోయాక కొడుకులు టికెట్టు చేతిలో పెట్టారు. గేటు దాకా కూడా ఎవరూ రాలేదు. శాలువా వచ్చేటప్పుడు రియాద్ బజారులో నేనే కొనుక్కున్నాను.

సౌదీ పోయిన కొత్తలో, మొదటి ఉత్తరంలోనే నిజం రాద్దామని కూర్చున్నాను. కానీ అప్పట్లో మన వాడలో ఉత్తరాలు చదివిపెట్టే సారయ్య మామ దాన్ని అరుగు మీద నిలబడి చదువుతాడని, వాడ అంతా చుట్టూ కూర్చుని వింటుందని తెలుసు. అందుకే సూపర్వైజర్ అని రాశాను. ఆ ఉత్తరం నేను నీకు రాయలేదు, అరుగు మీద వాళ్లకు రాశాను. ఆ తర్వాత రాసినవన్నీ కూడా అంతే.

పొరక విరగ్గొట్టిన సాయంత్రం నా చేతులకు నూనె రాశావు. గుర్తుందా? చాలాసేపు చూశావు. పైపులు మోయిస్తుంటే కాయలు కాశాయన్నాను. ఊఁ అన్నావు. నన్ను ఒక్క మాట అడగలేదు. లేదని తెలిసిన ఇజ్జత్‌ను కాపాడటానికి తొమ్మిదేళ్లు ఎండలో ఊడ్చావు.

కృపా, బిడ్డా, ఈ తాజా కలం అమ్మ చెవిలో చదవకు. ఆమెకు తెలిసిందే. కరెంటు పోయి సాంచాలు ఆగినప్పుడు, తలుపు బార్లా తీసి, గడపలో నిలబడి, వాడకంతా వినపడేటట్టు చదువు. సారయ్య మామ చదివేవాడు చూడు, అంత గట్టిగా.